పైన ఐసు గడ్డకడుతోంది, కింద పిండి పొంగిపోతోంది. గ్యాస్ పోయిందంటున్నారు, నిజమేనా?

పిండి అత్తయ్య, గుంటూరు:

నమస్కారమండీ. నేను ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతాను. అరండల్‌పేటలో మా వీధీ పక్క వీధీ కలిపి రోజుకి ఇరవై, పాతిక కిలో ప్యాకెట్లు పోతాయి. రాత్రి రుబ్బి, తెల్లారాక ప్యాకెట్లు కట్టి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం దాకా ఆగుతాయి. మొన్న సోమవారం మధ్యాహ్నం తలుపు తీస్తే ప్యాకెట్లన్నీ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకటి పగిలి కూరగాయల డబ్బాలోకి కారింది. పిండి ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. అసలే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు.

ఫ్రిజ్ రెండు తలుపులది, 260 లీటర్లు, ఐసు దానంతటదే కరిగే రకం. కొని తొమ్మిదేళ్లయింది. ఇన్వర్టర్ కాదు. పైన ఫ్రీజర్‌లో ఐసు ఇప్పటికీ రాయిలా కడుతోంది. కింద మాత్రం బయట గదికీ దానికీ తేడా లేదు.

ఇద్దరు మెకానిక్‌లు వచ్చారు. మొదటాయన ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, 3,500 అవుతుంది" అన్నాడు. రెండో ఆయన కాసేపు చెవి ఆనించి, "కంప్రెసర్ వీక్ అయింది, 7,500. దానికంటే కొత్తది కొనుక్కోవడం నయం" అన్నాడు. ఇద్దరూ కలిసి మా ఇంట్లో పది నిమిషాలు కూడా లేరు. ఒక్కరూ ఒక్క స్క్రూ విప్పలేదు.

నా సందేహం ఒక్కటే. గ్యాస్ లేకపోతే పైన ఐసు ఎలా కడుతోంది? నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని. అయినా ఈ లెక్క నాకు కుదరడం లేదు.

ఇంకో సంగతి. రెండు వారాల క్రితం ఫ్రీజర్ వెనక నుంచి గరగరమని చప్పుడు వచ్చేది. పై తలుపు తీస్తే ఆగిపోయేది, వేస్తే మళ్లీ మొదలు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. పోయిందిలే అనుకుని సంతోషించాను కూడా.

మిక్సీ బుష్ నేనే మారుస్తాను. గ్రైండర్ బెల్టు నేనే వేస్తాను. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి భయం లేదు. నేను చేయగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి. మా అత్తగారి ఇన్సులిన్ కూడా ఇందులోనే ఉండేది, ప్రస్తుతం ఎదురింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ టెన్షన్ ఒకటి.

హైటెక్ కుర్రాడు, హైదరాబాద్:

తొమ్మిదేళ్లంటే దాని పని అయిపోయినట్టే ఆంటీ. ఈఎంఐలో కొత్తది తీసుకోండి, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

పిండి అత్తయ్య, గుంటూరు:

బాబూ, కిలో పిండి మీద నాకు మిగిలేది పదిహేను రూపాయలు. కొత్త ఫ్రిజ్ అంటే ఎన్ని కిలోలు రుబ్బాలో నువ్వే లెక్కేసుకో.

గోదారి గట్టు, కొవ్వూరు:

ముందు ఖర్చు లేనివి చూడండి. తలుపు రబ్బరు మధ్య పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు వదులైనట్టు. చుట్టూ నాలుగైదు చోట్ల అలా చూడండి. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య జానెడు సందు ఉందా? మా ఇంట్లో వెనక జాలీకి దుమ్ము, బొద్దింకల గూళ్లు పట్టి వేడి బయటికి పోక ఇలాగే అయింది. ఇంకోటి, కింద గదిలో వెనక పైభాగాన గాలి వచ్చే చీలికలుంటాయి. వాటికి ఆనించి పెద్ద గిన్నె ఏదైనా పెట్టేశారా?

పిండి అత్తయ్య, గుంటూరు:

నోటు నాలుగు వైపులా గట్టిగానే పట్టుకుంది. జాలీ దసరాకి తుడిచాను. చీలికల దగ్గర చెయ్యి పెట్టి చూశాను, గాలే లేదు. ఇదివరకు అక్కడ చెయ్యి పెడితే జిల్లుమనేది.

మందుల కొట్టు, తెనాలి:

ఫ్రిజ్ సంగతి నాకు తెలియదు, ఇన్సులిన్ గురించి ఒక మాట. వాడుతున్న సీసా చాలా రకాల్లో 25 నుంచి 30 డిగ్రీల లోపు ఉండే చోట బయట సుమారు 4 వారాలు ఉంటుంది. గుంటూరు మేలో గదిలో ఆ చల్లదనం ఎక్కడిది? కాబట్టి ఎదురింట్లో పెట్టి మంచి పని చేశారు. కొత్త సీసాలకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. వాళ్ల ఫ్రీజర్‌లో మాత్రం పెట్టనివ్వకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. గోరువెచ్చని ఫ్రిజ్‌లో మిగిలిపోయిన సీసా ఏదైనా ఉంటే, మీరు కొన్న కొట్టులో చూపించి అడిగాకే వాడండి.

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

అమ్మా, మీ లెక్క మీరనుకున్నదానికంటే బాగానే కుదిరింది. నేను ముప్పై ఏళ్ల పైన ఇదే పని చేశాను. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నా మోకాళ్లు కింద కూర్చోనివ్వట్లేదు కాబట్టి ఇక్కడ కూర్చుని మాట్లాడుతున్నాను.

ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఇరవై ఏళ్లయినా తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టు. చిల్లు వెతక్కుండా గ్యాస్ నింపితే అది మళ్లీ పోతుంది, మీరు మళ్లీ పిలుస్తారు. అర్థమైంది కదా.

మీ రకం ఫ్రిజ్‌లో చలి పుట్టే చోటు ఒక్కటే. ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ ఉందే, దాని వెనక అల్యూమినియం కాయిల్ ఉంటుంది. దాని పైన చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను చలిగాలిని ముందు ఫ్రీజర్‌లోకి, తర్వాత ఒక సందులోంచి కింద గదిలోకి తోస్తుంది. కింద గదికి సొంత చలి లేదు, పైనించి దిగిందే దానికి. గ్యాస్ పోతే పైనా కిందా రెండూ దెబ్బతింటాయి. పైన రాయిలా ఐసు కడుతోందంటే గ్యాస్ ఉంది, కంప్రెసర్ తిరుగుతోంది. చలి పుడుతోంది గానీ కిందికి దిగడం లేదు.

ఎందుకు దిగడం లేదో మీ గరగర చప్పుడే చెప్పింది. కాయిల్ మీద ఐసు పేరుకుని పేరుకుని ఫ్యాను రెక్కలకి తగిలింది. అదే గరగర. పై తలుపు తీస్తే ఫ్యాను ఆగుతుంది కాబట్టి చప్పుడూ ఆగేది. ఇప్పుడు చప్పుడు లేదంటే ఐసు ఇంకా పెరిగి ఫ్యాను రెక్కని పట్టేసిందన్నమాట. మీరు సంతోషించిన రోజే అసలు జబ్బు ముదిరింది.

ఆ ఐసుని కరిగించడానికి ఫ్రిజ్‌లోనే ఏర్పాటు ఉంది. కంప్రెసర్ 8, 10 గంటలు తిరిగాక టైమర్ దాన్ని ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌ని ఇరవై, ముప్పై నిమిషాలు వెలిగిస్తుంది. కరిగిన నీళ్లు గొట్టంలోంచి వెనక కంప్రెసర్ మీదున్న ట్రేలోకి పోయి ఆవిరైపోతాయి. ఈ వరసలో ముక్కలు నాలుగు: టైమర్, హీటర్, బైమెటల్ అనే చిన్న స్విచ్, ఫ్యూజు. ఏ ఒక్కటి పోయినా ఐసు కరగదు. టైమర్ బదులు బోర్డు, సెన్సార్ ఉన్నవీ వచ్చాయి. మీది తొమ్మిదేళ్లది, ఇన్వర్టర్ కాదన్నారు కాబట్టి టైమరే ఉండొచ్చు.

ముందు ఇది చెయ్యండి. ప్లగ్ పీకెయ్యండి. స్విచ్ కట్టడం కాదు, పీకెయ్యడం. రెండు తలుపులూ బార్లా తెరిచి 24 గంటలు వదిలెయ్యండి. కింద పాత దుప్పటి పరవండి, చాలా నీళ్లు వస్తాయి. తొందరైతే టేబుల్ ఫ్యాను పెట్టండి. కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ, ఏదీ ఆ ఐసులోకి పొడవద్దు. నా దగ్గరికొచ్చిన చిల్లుల్లో సగం అలా పొడిచినవే. పైగా కంప్రెసర్ మీద స్టిక్కర్ చూడండి. ఆర్600ఏ అని ఉంటే లోపలి గ్యాస్ ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కి చుట్టం. మంట అంటుకుంటుంది. మేం నేర్చుకున్న పాత గ్యాస్ ఆర్12కి ఆ భయం లేదు, కానీ అది ఓజోన్ పొరని తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మానిపించారు. ఆర్134ఏకి కూడా మంట భయం లేదు. ఈ ఆర్600ఏతో మాత్రం జాగ్రత్త.

24 గంటల తర్వాత మళ్లీ వేసి చూడండి. కింద చక్కగా చల్లబడి వారం పది రోజుల్లో మళ్లీ పాత కథే అయితే జబ్బు ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. అసలు చల్లబడకపోతే అప్పుడు వేరే మాట్లాడదాం.

పిండి అత్తయ్య, గుంటూరు:

బాబాయ్ గారూ, స్టిక్కర్ మీద ఆర్600ఏ అనే ఉంది. మీరు చెప్పినట్టే చేశాను. రెండు బకెట్ల నీళ్లు వచ్చాయి. ఒక్క రోజు పిండి రుబ్బలేదు. చేపల మార్కెట్ నుంచి ఐసు తెప్పించి థర్మోకోల్ పెట్టెలో పాలు, కూరలు పెట్టుకున్నాం. ఇల్లంతా రెండు రోజులు చేపల మార్కెట్టే.

నిన్న సాయంత్రం ప్లగ్ పెట్టాను. ఈ ఉదయం కింద గ్లాసులో పెట్టిన థర్మామీటర్ 5 డిగ్రీలు చూపిస్తోంది! చీలికల్లోంచి గాలి జిల్లుమంటోంది. మా అత్తగారు "3,500 మిగిలాయి" అని పక్కింటికి చెప్పేశారు.

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

అప్పుడే చెప్పొద్దనండి. వారం ఆగండి. ఈలోగా ఒక మల్టీమీటర్ తెచ్చి ఉంచుకోండి, కరెంటు దారి తెగకుండా కలిసి ఉంటే బీప్ కొట్టేది.

నిజాం పసుపు, నిజామాబాద్:

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మాది ఒక తలుపు ఫ్రిజ్. చల్లదనం పైనా లేదు, కిందా లేదు. మూడు, నాలుగు నిమిషాలకోసారి వెనక టిక్‌మంటుంది, ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోతుంది. ఇది కూడా ఐసేనా?

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

కాదు నాయనా, మీది వేరే. కంప్రెసర్ లేవబోతోంది, లేవలేక వేడెక్కుతోంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ దాన్ని కట్ చేస్తోంది. ఆ టిక్ అదే. ముందు వోల్టేజీ చూడండి. ఎండాకాలం సాయంత్రాలు 170, 180కి పడిపోయే ఊళ్లున్నాయి. అలాంటి చోట స్టెబిలైజర్ లేకపోతే ఏ కంప్రెసర్ అయినా ఇలాగే మొరాయిస్తుంది. వోల్టేజీ బాగుంటే ప్లగ్ పీకి, వెనక కంప్రెసర్ పక్కనున్న చిన్న మూత తియ్యండి. పిన్నులకి తగిలించిన రిలే ఉంటుంది, కంప్రెసర్‌ని లేపేది అదే. దాన్ని ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే పగిలిపోయింది, కొత్తది వెయ్యండి. పెద్ద ఖరీదేమీ కాదు. కెపాసిటర్ కూడా ఉంటే దాని కాళ్లు చేత్తో ముట్టుకోవద్దు, ప్లగ్ తీసినా అందులో కరెంటు మిగిలి ఉండొచ్చు.

రిలే బాగుంటే కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య మీటర్ పెట్టి చూడండి. మూడు జతలకి మూడు అంకెలు వస్తాయి. రెండు చిన్నవి కలిపితే పెద్దది రావాలి. ఏ పిన్నుకైనా కంప్రెసర్ బాడీకీ మధ్య బీప్ వస్తే కంప్రెసర్ పోయినట్టే, ప్లగ్ మళ్లీ పెట్టొద్దు. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి ఇవేవీ వర్తించవు. దాన్ని బోర్డు నడుపుతుంది, నేరుగా కరెంటు ఇస్తే కాలిపోతుంది.

పిండి అత్తయ్య, గుంటూరు:

ఎనిమిదో రోజుకి కింద 5 కాస్తా 9 అయింది. పదో రోజుకి 14. గరగర మళ్లీ మొదలైంది. ఈసారి ఆ చప్పుడు వింటే దొంగ దొరికినట్టనిపించింది.

ప్యానెల్ విప్పాను. ఫోనుతో ముందే ఫోటోలు తీసుకున్నాను. అరలు తీసి, తెల్ల బిళ్లల కింద దాగిన రెండు స్క్రూలు విప్పాక ప్యానెల్ కదల్లేదు, ఐసు పట్టేసింది. వేడినీళ్లు గిన్నెలో పోసి లోపల పెట్టి తలుపు మూసి అరగంట ఆగితే వదిలింది. లోపల చూస్తే బాబాయ్ గారూ, కాయిల్ కనపడలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా, దిబ్బరొట్టె అంత మందాన ఐసు.

అది కరిగాక మీటర్ పట్టుకున్నాను. కనెక్టర్లు ఊడదీసి పెట్టాను. ఫ్యూజు బీప్ కొట్టింది. బైమెటల్ బీప్ కొట్టలేదు. హీటర్‌కి 248 ఓమ్‌లు అని చూపించింది. ఒక అమెరికా వీడియోలో హీటర్ 36 ఉంటే మంచిదన్నారు. అంటే నాకు హీటర్, బైమెటల్ రెండూ పోయినట్టే కదా? కొట్టుకి ఫోన్ చేస్తే రెండూ కలిపి 900 చెప్పారు. తెప్పించెయ్యనా?

ఈఈఈ 2012 బ్యాచ్, వరంగల్:

ఆగండి అత్తయ్య గారూ. హీటర్ కొనకండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనకి 230. వాళ్ల అంకె మనకి పనికిరాదు. 120ని 120తో హెచ్చవేసి 36తో భాగిస్తే 400 వాట్లు. మీది 230ని 230తో హెచ్చవేస్తే 52,900, దాన్ని 248తో భాగిస్తే 213 వాట్లు. ఇంత ఫ్రిజ్‌కి సరిగ్గా సరిపోయే హీటర్ అది. తెగిపోయి ఉంటే అసలు అంకే వచ్చేది కాదు.

బైమెటల్ కూడా ఇప్పుడే పోయిందనకండి. అది చలిలో కలుస్తుంది, వేడిలో విడిపోతుంది. కాయిల్ చల్లగా ఉన్నప్పుడే హీటర్‌కి కరెంటు వెళ్లాలి, ఐసు కరిగి కాయిల్ వెచ్చబడగానే తెగాలి. అందుకే అది ఉంది. గుంటూరు ఎండలో గదిలో పెట్టి కొలిస్తే మంచి బైమెటల్ కూడా బీప్ కొట్టదు.

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

అబ్బాయి బాగా చెప్పాడు. కొత్తగా పనిలోకొచ్చిన కుర్రాళ్లందరూ ఈ బైమెటల్ దగ్గరే బోల్తా పడతారు. మంచిదాన్ని తీసి పారేసి కొత్తది వేస్తారు, జబ్బు అలాగే ఉంటుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. ఉత్త ఐసులో పెడితే సున్నా దగ్గర ఆగిపోతుంది, చాలదు. మీ రకం బైమెటల్ సుమారు మైనస్ 7 దగ్గర కలుస్తుంది, మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. కాబట్టి ఐసు బాగా చితక్కొట్టి మూడు వంతులు, రాళ్ల ఉప్పు ఒక వంతు కలపండి. మన చిన్నప్పుడు కుల్ఫీ బండివాడు కుండలో చేసిన పనే ఇది. మైనస్ 15 దాకా సులువుగా దిగుతుంది. బైమెటల్‌ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి పైకి ఉంచండి, ఉప్పునీళ్లు తగలకూడదు. పావుగంట ఆగి, అందులోనే ఉంచి కొలవండి. బీప్ కొడితే అది మంచిది, అప్పుడు టైమర్ చూద్దాం. కొట్టకపోతే దొరికినట్టే.

పిండి అత్తయ్య, గుంటూరు:

పిండి కట్టే కవరులోనే కట్టాను. స్టీలు గిన్నెలో ఐసు, ఉప్పు. గిన్నె బయట తెల్లగా నూగు పట్టింది. మా మనవడికి అది పెద్ద వింత, వేలితో గీస్తూ కూర్చున్నాడు. పావుగంట, ఇరవై నిమిషాలు, అరగంట. బీప్ లేదు. మీటర్ మీదే అనుమానం వచ్చి రెండు పిన్నులూ కలిపి చూస్తే అది బీప్ కొడుతోంది. వేరే కొట్టులో ఇలాంటిదే మంచిది అరువు తెచ్చి అదే గిన్నెలో పెడితే పది నిమిషాల్లో బీప్! అంటే బైమెటల్ సంగతిలో నా మొదటి మాటే నిజం, కారణం మాత్రం తప్పు.

కొత్తది 280 రూపాయలు. పాతది చేత్తో పట్టుకెళ్లి దానితో పోల్చి, క్లిప్పు, వైర్ల రంగు, మీద రాసిన అంకెలు సరిచూసుకుని కొన్నాను.

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

అరువు తెచ్చి పోల్చడం నాకు తట్టలేదు, బాగుంది. బిగించేటప్పుడు రెండు సంగతులు. పాతది ఏ గొట్టానికి క్లిప్పు పెట్టి ఉందో కొత్తది అక్కడే పెట్టండి. మీ ఫోటోలో ఉంటుంది. పైకీ కిందకీ జరిపితే త్వరగా తెగి సగం ఐసు మిగిలిపోతుంది. రెండోది, వైరు అతుకు. ఉత్త టేపు చుట్టి వదిలెయ్యొద్దు. అక్కడ రోజూ ఐసు కడుతుంది, కరుగుతుంది. టేపులోకి నీళ్లు దిగి ఆరు నెలల్లో తుప్పు. అతుకు మీద వేడికి ముడుచుకునే స్లీవ్ వెయ్యాలి. అది చేతకాకపోతే వీధిలో మోటార్లు చుట్టే కుర్రాడిని పిలవండి, వాడికది నిమిషం పని. అల్యూమినియం రేకులు బ్లేడుల్లా ఉంటాయి, చేతులు జాగ్రత్త.

అంతా బిగించి, ప్యానెల్ మూశాక ప్లగ్ పెట్టండి. ఒక రాత్రంతా నడిచి కాయిల్ బాగా చల్లబడాలి. ఉదయం ప్లగ్ తియ్యండి. టైమర్ మధ్యలో స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపే మెల్లగా తిప్పండి. ఒక చోట టక్‌మంటుంది. అక్కడ వదిలేసి ప్లగ్ మళ్లీ పెట్టండి, కంప్రెసర్ తిరగదు. కాసేపటికి పైన సుయ్‌మని, వెనక ట్రేలో నీళ్లు పడితే వరస మొత్తం పనిచేస్తున్నట్టు. టైమర్ చుట్టూ తీగలుంటాయి, అందుకే ప్లగ్ తీశాకే తిప్పమన్నాను.

పిండి అత్తయ్య, గుంటూరు:

మూడు వారాలు దాటింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కింద 4, 5 డిగ్రీల్లోనే ఉంటోంది. మొత్తం ఖర్చు: బైమెటల్ 280, మీటర్ 350, మోటార్ల కుర్రాడికి 100, చేపల మార్కెట్ ఐసు 120. పిండి ప్యాకెట్లు సాయంత్రానికి చదునుగానే ఉంటున్నాయి. ఇన్సులిన్ ఇంటికొచ్చింది.

ఒకటే మిగిలింది. కూరగాయల డబ్బా కింద రోజూ అరగ్లాసు నీళ్లు చేరుతున్నాయి. ఇదివరకు లేదు. నేనేమైనా పాడుచేశానా?

బ్రేజింగ్ బాబాయ్, రాజమండ్రి:

పాడుచెయ్యలేదమ్మా. ఇదివరకు ఐసు కరిగేదే కాదు, నీళ్లెక్కడివి? ఇప్పుడు కరుగుతోంది, పోయే దారిలో అడ్డముంది. ప్యానెల్ మళ్లీ తీసి, కాయిల్ కింద తొట్టిలో చిన్న కన్నం వెతకండి. సూది లేని పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్లు అందులోకి కొట్టండి. వెనక ట్రేలోకి ధారగా పడేదాకా కొట్టాలి. కదలకపోతే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తొయ్యండి, ఇనుప తీగ వద్దు.

పిండి అత్తయ్య, గుంటూరు:

నాలుగో సిరంజికి ట్రేలోకి బుడుంగుమని పడింది. దాంతోపాటు ఎప్పటిదో నల్లబడ్డ కరివేపాకు రెబ్బ. కరివేపాకు ఫ్రీజర్‌లో దాచేది మా అత్తగారు. ఆవిడకి ఇంకా చెప్పలేదు.